ఏజెన్సీలో పోస్టింగ్ వచ్చిందా? ముందు మీ ఆఫీసును చదవండి

పాడేరు వైపో, ఉట్నూరు వైపో, చింతూరు వైపో ఆర్డరు చేతికి రాగానే చుట్టూ ఉన్నవాళ్ళు ఇచ్చే సలహాలు దాదాపు ఒకటే. దోమతెర పట్టుకెళ్ళు, నీళ్ళు కాచుకుని తాగు, రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే బదిలీ అదే వస్తుంది. మొదటి రెండూ తప్పకుండా పాటించండి. మూడోది పాటించిన వాళ్ళు మీకన్నా ముందు చాలామందే వచ్చి వెళ్ళి ఉంటారు, కాబట్టి మీరు వెళ్ళేసరికి అక్కడి జనం మిమ్మల్ని కూడా ఆ లెక్కలోనే వేసుకుంటారు.

ఏఎన్ఎంలు, స్టాఫ్ నర్సులు, టీచర్లు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు, సచివాలయం ఉద్యోగులు, బ్యాంకు సిబ్బంది, ఎన్జీవోల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళు, ఇలా మైదానం నుంచి ఆదివాసీ ఊళ్ళకు ఉద్యోగం మీద వెళ్ళే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒక్కరోజు ట్రైనింగు పెట్టి, థింసా, గుస్సాడీ, కొమ్ము నృత్యం ఫొటోలు చూపించి, గిరిజన సంస్కృతిని గౌరవించండి అని చెప్పి భోజనాలు పెట్టి పంపిస్తారు. థింసా అడుగులు వేయడం వచ్చిన నర్సు దగ్గరికి కూడా గర్భిణి రాకపోవచ్చు. జనం మన దగ్గరికి రాకపోవడానికి కారణాలు వాళ్ళ ఆచారాల్లో కన్నా మన ఆఫీసు నడిచే తీరులోనే ఎక్కువ దొరుకుతాయన్నది నా అభిప్రాయం. ఆ తీరు మార్చడం కొంతవరకైనా మన చేతుల్లో ఉంది.

కౌంటరు అవతల ఒక పూట

చేరిన మొదటి వారంలోనే ఒక పూట, మీ కుర్చీలో కాకుండా బయట బెంచీ మీద, వచ్చినవాళ్ళతో పాటు కూర్చోండి. బెంచీ లేకపోతే అదే మొదట రాసుకోవాల్సిన విషయం. మనిషి ఎంత దూరం నడిచి వచ్చాడు, ఎన్ని గంటలకు బయలుదేరాడు, ఎవరిని అడగాలో అతనికి ఎవరు చెప్పారు, బోర్డు ఏ భాషలో ఉంది, ఎవరి గొంతు ఎంత పెద్దగా వినిపించింది, చివరికి పని అయిందా, లేక "సర్వర్ డౌన్, రేపు రా" అన్నారా. కొండ మీది గూడెం నుంచి వచ్చినవాడికి "రేపు రా" అంటే ఒక రోజు కూలీ, ఆటో డబ్బులు, రాత్రి ఎక్కడ పడుకోవాలన్న సమస్య. మనకది ఒక మాట, అంతే.

తర్వాత మీ ఫారం తీసి గడి గడికీ చూడండి. పుట్టినతేదీ అని ఉంటుంది. కార్తెలు, పండగలు, పంటలు గుర్తుపెట్టుకునే ఇంట్లో తేదీ ఉండదు, అందుకే ఆధార్ కార్డుల్లో చాలామందికి జనవరి 1 పుట్టినరోజుగా పడింది. ఆ తేదీని పట్టుకుని ఆరోగ్యంగా కనిపించే ముసలమ్మకి పెన్షన్ వయసు రాలేదని చెప్పేముందు, ఆమె పెద్దకొడుకు వయసెంతో ఒకసారి చూడండి. ఊరి పేరు అని ఉంటుంది. రెవెన్యూ రికార్డులో ఉన్న ఊరు వేరు, ఆమె ఉండే గూడెం వేరు, మీరు పంచాయతీ పేరు రాస్తే రేపు సర్వేకి వచ్చినవాడు ఆ గూడేన్ని వెతకనే వెతకడు.

పేర్ల దగ్గర ఇంకాస్త ఆగాలి. మనకు నోరు తిరగని పేరును మనకు తెలిసిన పేరుగా మార్చి రాసేయడం మన క్లర్కులకు పాత అలవాటు, బడిలో చేర్చుకునేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, పట్టాలో మూడో పేరు పడ్డాక డబ్బు బ్యాంకులో ఆగిపోతుంది, దాన్ని సరిచేయించుకోవడానికి ఆ మనిషి మళ్ళీ మన కౌంటరు దగ్గరికే రావాలి. కాబట్టి పేరు ఆ మనిషి నోటితోనే రెండుసార్లు చెప్పించుకోండి, రాసింది పైకి చదివి వినిపించండి, పాత కార్డు పక్కన పెట్టి చూడండి. మీకు వింతగా అనిపించిన పేరును దిద్దే అధికారం మీకు ఎవరూ ఇవ్వలేదు.

"గిరిజనులు" అని ఒక ముద్దగా చూడకండి

సీతంపేట వైపు సవరలు, జాతాపులు ఎక్కువ. పాడేరు, అరకు వైపు భగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జా, గదబ, కోదులు ఉంటారు. రంపచోడవరం, చింతూరు, భద్రాచలం వైపు కోయలు, కొండరెడ్లు. ఉట్నూరు చుట్టూ గోండులు, కోలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు, లంబాడాలు. నల్లమలలో చెంచులు. ఒకరి పండగ ఇంకొకరిది కాదు, ఒకరి భాష ఇంకొకరికి రాకపోవచ్చు. గోండీ, కోయ, కోలామీ, కువి ద్రావిడ భాషలే కాబట్టి అక్కడక్కడా మన మాటలు వినిపిస్తాయి. సవర మాత్రం ముండా కుటుంబం భాష, చెవి ఎంత రిక్కించినా తెలుగు తగలదు. పాడేరు వైపు వేర్వేరు తెగలవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఆదివాసీ ఒరియా వాడతారు, అక్కడ మొదట నేర్చుకోవాల్సింది బహుశా అదే.

వాళ్ళలో వాళ్ళకు పెద్దాచిన్నా ఉంటుంది, తగాదాలూ ఉంటాయి. ఆదిలాబాద్‌లో లంబాడాలకూ గోండు, కోలాం లాంటి తెగలకూ మధ్య రిజర్వేషన్ల మీద 2017లో ఎంత గొడవ జరిగిందో పేపర్లు చదివేవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సంఖ్యలో పెద్ద తెగ మనిషిని తోడు తీసుకెళ్ళి చిన్న తెగవాళ్ళ గూడెంలో సర్వే చేస్తే సమాధానాలు ఆ మనిషి ముఖం చూసి వస్తాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటి వచ్చి స్థిరపడిన గొత్తికోయల దగ్గరైతే ఇంకా జాగ్రత్త కావాలి. వాళ్ళలో చాలామందికి సరైన కాగితాలు ఉండవు, యూనిఫాం కనిపిస్తే చాలు ఊరు ఖాళీ అవుతుంది. మొదటిసారి వెళ్ళేటప్పుడు అక్కడ తెలిసిన ఆశా కార్యకర్తతో వెళ్ళండి, రిజిస్టరు సంచిలోనే ఉంచండి.

భాష: మీ పనికి కావాల్సిన నలభై వాక్యాలు

గిడుగు రామమూర్తిని మనం ఆగస్టు 29న తెలుగు భాష పేరుతో తలుచుకుంటాం గానీ, ఆయన పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం బడులు నడిపి, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. మీరు అంత చేయనక్కర్లేదు. మీ ఉద్యోగంలో రోజూ వాడే నలభై వాక్యాలు తెలుగులో రాసుకుని, వాటిని స్థానిక భాషలోకి ఎవరిచేతైనా చెప్పించుకుని, తెలుగు లిపిలో రాసి జేబులో పెట్టుకోండి. "నొప్పి ఎక్కడ?", "ఎన్ని రోజుల నుంచి?", "ఈ మాత్ర తిన్నాక వేసుకో", "భయం లేదు, నేనూ నీతో వస్తాను". సాధారణ సంభాషణ పుస్తకాల్లో "మీ పేరేమిటి, మీ ఊరేది" దగ్గర ఆగిపోయే చదువు వార్డులో పనికిరాదు. చెప్పిన మనిషి ఏ ఊరో పక్కన రాసుకోండి, పది కిలోమీటర్లకు యాస మారుతుంది. మీ ఉచ్చారణకు పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి, దానికన్నా మంచి పరిచయం ఇంకోటి దొరకదు.

నలభై వాక్యాలతో అన్ని పనులూ కావు కాబట్టి దుబాసీ కావాలి, దాదాపు అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. పక్కన నిలబడ్డ బడి పిల్లను పిలిచి "మీ అమ్మకు చెప్పు" అంటారు. నెలసరి గురించో, గర్భస్రావం గురించో, మొగుడు కొట్టిన సంగతో పదేళ్ళ కూతురి నోటి మీదుగా ఏ తల్లి చెబుతుంది? భర్తను దుబాసీగా పెట్టుకున్నా అంతే. ఆడవాళ్ళ విషయాలకు ఆడమనిషే ఉండాలి, వీలైతే ఆ ఇంటి బంధువు కానివారు. మాట్లాడేటప్పుడు దుబాసీ ముఖం కాకుండా ఎదుటి మనిషి ముఖం చూడండి, ఒకసారికి ఒక్క వాక్యమే చెప్పండి, ఆమె రెండు నిమిషాలు మాట్లాడితే దుబాసీ "సరే అంటోంది మేడమ్" అని తేల్చేస్తే ఊరుకోకండి, మొత్తం చెప్పమనండి.

చివర్లో "అర్థమైందా?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు అధికారి ముందు నిలబడ్డ మనిషి ఎవరైనా, కొండ మీదైనా కాకినాడలోనైనా, తల ఊపుతారు. "ఇంటికెళ్ళాక అత్తకు ఏం చెబుతావో నాకు ఒకసారి చెప్పు" అని అడగండి. మందు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, ఏం కనిపిస్తే మళ్ళీ రావాలి అన్న మూడూ ఆమె నోటి నుంచి వస్తే సరిపోయినట్టు. రాలేదంటే మనం చెప్పిన తీరులో లోపం ఉంది, ఇంకోలా చెప్పాలి.

టీచర్లకు ఒక మాట. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలోనే సవర, కోయ, కువి, గోండీ లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలతో మాతృభాషలో చదువు మొదలుపెట్టారు. అంతకన్నా ముందు, 1940ల్లో, కొమురం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం తరఫున పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ వైపు మార్లవాయిలో గోండు యువకులనే టీచర్లుగా తయారుచేయించాడు. అంటే ఇది కొత్త ప్రయోగం కాదు, మధ్యలో మనం వదిలేసిన పని. మీ బడి బీరువాలో ఆ పాత వాచకాలు ఎక్కడో అడుగున ఉండే అవకాశం ఉంది, దుమ్ము దులిపి చూడండి.

గోడ మీద రెండో క్యాలెండరు

ప్రభుత్వ సెలవుల క్యాలెండరు పక్కన ఖాళీది ఒకటి తగిలించి ఊరి పెద్దలతో, ఆశాలతో కూర్చుని నింపండి. వారపు సంత ఏ రోజు, పోడు నరికే రోజులేవి, ఇప్పపువ్వు ఏరేది ఎప్పుడు, తునికాకు కోతకు ఇళ్ళు ఎప్పుడు ఖాళీ అవుతాయి, మిర్చి కోతకు ఖమ్మం, గుంటూరు వైపు ఎవరెవరు వెళ్తారు, ఎప్పుడు తిరిగొస్తారు. దీపావళికి ముందు గోండు గూడేల్లో దండారీ పండగ నడుస్తున్నప్పుడు మీటింగు పెట్టి హాజరు లేదని రిపోర్టు రాస్తే తప్పు ఎవరిది? మేడారం జాతర రెండేళ్ళకోసారి మాఘమాసంలో వస్తుంది, ఆ వారం టీకాల కార్యక్రమం పెట్టుకోకండి, లేదా జాతర దారిలోనే పెట్టండి.

జనం ముందే గుమిగూడే చోటికి మనమే వెళ్ళడమన్న పద్ధతికి మంచి ఉదాహరణ ఆదిలాబాద్ వైపున్న కేస్లాపూర్. పుష్య అమావాస్యకు గోండుల్లోని మెస్రం వంశస్థుల పూజతో మొదలయ్యే నాగోబా జాతరలో 1940ల నుంచీ దర్బారు జరుగుతోంది, అధికారులే అక్కడికి వెళ్ళి అర్జీలు తీసుకుంటారు. దర్బారు ఒక్కరోజు తంతుగా మారిందన్న విమర్శా ఉంది, నాకూ కొంత నిజమే అనిపిస్తుంది. కానీ ఆలోచన మటుకు మీ సంతకు కూడా పనికొస్తుంది: సంత రోజు ఒక బల్ల, రెండు కుర్చీలు, స్థానిక భాష వచ్చిన ఒక మనిషి.

కొత్త పండగల సంగతి అంగన్‌వాడీ వాళ్ళు తప్పక తెలుసుకోవాలి. కోయలు, కొండరెడ్లు మొదలుకుని చాలా తెగల్లో మామిడికైనా చిక్కుడుకైనా కొత్త పంటకు పండగ చేశాకే తింటారు. పండగ కాకముందే మీరు కొత్త చిక్కుడుకాయ కూర వండి పిల్లలకు పెడితే, రేపటి నుంచి పిల్లలు ఎందుకు రావడం లేదో మీకు ఎవరూ చెప్పరు.

కాన్పు, జ్వరం, పసరు మందు

"ఎన్నిసార్లు చెప్పినా ఆస్పత్రికి రారు" అన్న మాట ఏజెన్సీ పీహెచ్‌సీల్లో తెగ వినిపిస్తుంది. రాకపోవడానికి కారణాలు ఒక్కొక్కటిగా అడిగి చూడండి. రోడ్డు లేదు, డోలీ మోయాలంటే నలుగురు మగవాళ్ళు కావాలి, కోతల రోజుల్లో దొరకరు. ఇంట్లో మిగతా పిల్లలు, మేకలు ఎవరికి అప్పగించాలి. పెద్దాస్పత్రికి పంపితే అక్కడ భాష తెలిసినవాళ్ళు ఉండరు, తోడు వచ్చిన అత్తను బయటే నిలబెడతారు. ఏమైనా అయితే శవాన్ని ఊరికి ఎలా తెచ్చుకోవాలన్న భయం అన్నిటికన్నా పెద్దది, దాన్ని పైకి అనరు. వీటిలో మూఢనమ్మకం ఎక్కడుందో నాకైతే కనపడదు.

కాబట్టి ఏడో నెలలోనే కూర్చుని మాట్లాడండి. ఎవరు తోడొస్తారు, పిల్లల్ని ఎవరు చూస్తారు, గర్భిణుల వసతి గృహం దగ్గర్లో ఉంటే ఎన్ని రోజుల ముందు రావాలి, అక్కడ తిండి ఏమిటి, కాన్పు గదిలో ఏం చేస్తారు, గుడ్డలు ఎందుకు మార్పిస్తారు. తోడు వచ్చిన ఆడమనిషిని లోపలికి రానివ్వమని డాక్టరును ముందే ఒప్పించి పెట్టుకోండి. తిరుగు ప్రయాణం సంగతి అడగకుండానే చెప్పండి.

జ్వరంతో వచ్చినవాడి మెడలో తాయెత్తు చూసి నవ్వకండి. "ఇప్పటిదాకా ఏం చేశారు?" అని మామూలుగా అడగండి. పూజారి దగ్గరికి వెళ్ళామనో, పసరు తాగించామనో నిజం చెబుతారు, వెక్కిరిస్తారని తెలిస్తే చెప్పరు, అప్పుడు ఏ ఆకు పసరు ఎంత తాగాడో మీకు తెలియకుండానే మందు ఇవ్వాల్సి వస్తుంది. పూజ చేసుకోనివ్వండి, దానికి అడ్డం చెప్పనక్కర్లేదు. మలేరియా రక్తపరీక్ష మాత్రం ఈరోజే, మాత్రలు చివరిదాకా, ఈ రెండిటి మీదే పట్టుబట్టండి. ఊరి పూజారితో విడిగా వెళ్ళి కూర్చుని మాట్లాడితే ఆయనే "ముందు సూదిమందు వేయించుకుని రా" అని పంపే రోజు వస్తుంది, చాలాచోట్ల వచ్చింది కూడా.

వేలిముద్ర అడిగే ముందు

కాగితం మీద వేలిముద్ర వేయమంటే వెనక్కి తగ్గే మనిషిని అమాయకుడనుకోవద్దు. భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో 1/70 చట్టం తేవాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఎన్ని వేలిముద్రలతో ఎంత భూమి పోయి ఉంటుంది. ఆదిలాబాద్ వైపు పనిచేసేవాళ్ళు 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఏం జరిగిందో తెలుసుకోకుండా గోండు గూడెంలోకి అడుగుపెట్టకూడదు. భూమి కోసం మీటింగుకు వచ్చిన జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి, ప్రభుత్వ లెక్క 13 మంది, జనం చెప్పే లెక్క చాలా ఎక్కువ. మీరు పోలీసు కాకపోవచ్చు, జీపు మాత్రం అదే రంగులో ఉంటుంది.

గ్రామసభ నడిపేటప్పుడు ఇది మరీ ముఖ్యం. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు పెద్దపీట వేసింది. అటవీ హక్కుల చట్టం కింద జరిగే సభకు 2012 సవరణ ప్రకారం సభ్యుల్లో సగం మందైనా రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఇల్లిల్లూ తిరిగి రిజిస్టరులో ముద్రలు వేయించుకుని కోరం నింపడం ఎంత సులువో అందరికీ తెలుసు, అలా చేసిన తీర్మానం మీద తర్వాత ఏ పనీ నమ్మకంగా జరగదని కూడా తెలుసు. విషయం ఒకరోజు చెప్పి, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడానికి సమయం ఇచ్చి, ఇంకో రోజు నిర్ణయానికి రండి. పటేలు మాట్లాడాక అందరూ మౌనంగా ఉంటే ఒప్పుకున్నారని రాసేయకండి. ఆడవాళ్ళను ఒక గంట విడిగా కూర్చోబెడితే వేరే సంగతులు బయటకొస్తాయి. తీర్మానాన్ని వాళ్ళ భాషలో పైకి చదివాకే సంతకాలు.

ఫొటోకు కూడా ఇదే పద్ధతి. యాప్‌లో లొకేషన్‌తో ఫొటో పెట్టకపోతే మీకు జీతం కోస్తారని నాకు తెలుసు. ఆ సంగతే వాళ్ళకూ చెప్పండి, ఫొటో ఎందుకు, ఎవరు చూస్తారు అని. ఇంట్లో పెద్దల దేవర ఉండే చోటు ఉంటుంది, పిలవకుండా లోపలికి వెళ్ళకండి, బయట అరుగు మీదే కూర్చోండి. జీలుగు కల్లు ఇస్తే తాగాలనేం లేదు, "డ్యూటీలో ఉన్నాను" అంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు, మొహం చిట్లించడమే తప్పు.

మీ పక్క కుర్చీలో ఉన్న ఆదివాసీ ఉద్యోగి

దీని గురించి ట్రైనింగుల్లో ఎవరూ మాట్లాడరు. ఆఫీసులో ఒక్క కోయ అమ్మాయో, సవర కుర్రాడో ఉంటే, వాళ్ళ అసలు ఉద్యోగం ఏదైనా సరే, భాష వచ్చని ప్రతి అర్జీదారునీ వాళ్ళ మీదికి తోస్తారు. "మీవాళ్ళు వచ్చారు చూడు" అంటారు. సొంత పని సాయంత్రం ఏడుదాకా పెండింగులో పడుతుంది, పనితీరు మీద ఏటా రాసే ఏసీఆర్‌లో మాత్రం పని ఆలస్యం అని పడుతుంది. దుబాసీ పని నిజంగా అవసరమైతే దాన్ని డ్యూటీ చార్టులో రాయండి, ఆ గంటలకు వాళ్ళ మిగతా పని తగ్గించండి, వీలైతే డబ్బు ఇప్పించండి. తెగ పేరుతో జోకులు, ఆ పేరుకు "ఓడు" కలిపి పిలవడం మీ ముందు జరిగితే అక్కడికక్కడే ఆపండి, బాధపడినవాళ్ళే ఫిర్యాదు చేసుకోవాలని చూడొద్దు.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. దాని మీద మీ అభిప్రాయం ఏదైనా ఉండొచ్చు. అయితే భాష రాని టీచర్లు ఏజెన్సీ బడులకు వచ్చే అవకాశం పెరిగింది కాబట్టి, నేర్పే బాధ్యత ఇప్పుడు శాఖ మీద ఇంకా ఎక్కువ. మీరు హెడ్మాస్టరో, మెడికల్ ఆఫీసరో, ఎంపీడీవోనో అయితే కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారం ఫైళ్ళు ఇవ్వకుండా, ఆశాలతో కలిసి గూడేలు తిరగమని రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వండి. నోటిమాటగా చెబితే మూడో రోజుకే టార్గెట్ల గొడవలో కొట్టుకుపోతుంది.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది

మండలం మొత్తం శాతం చూసి సంతోషపడకండి. గూడేల వారీగా విడదీసి, ఎవరు రావడం లేదో చూడండి. తొంభై శాతం టీకాలు అని ఉన్న చోట మిగిలిన పది శాతం మొత్తం రెండు కొండ గూడేల్లోనే ఉండొచ్చు. ఒకసారి వచ్చిన మనిషి రెండోసారి తనంతట తానుగా వచ్చాడా, ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చాడా అన్నది నెలనెలా రాసుకోండి. ఫిర్యాదులు పెరిగితే కంగారు పడొద్దు, మొదట్లో పెరగాలి కూడా, చెప్పుకున్నా ఏం కాదన్న ధైర్యం వచ్చిందని అర్థం. ఫిర్యాదు నోటితో చెప్పినా తీసుకోండి, రాసిపెట్టి చదివి వినిపించండి, ఏం చేశారో మళ్ళీ వచ్చే సంతకు చెప్పండి.

బదిలీ ఆర్డరు ఎలాగూ వస్తుంది. ఈలోగా ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి, అందులో ఆ నలభై వాక్యాలు, రెండో క్యాలెండరు, ఏ గూడేనికి ఏ కాలంలో ఏ దారి, ఎవరు దుబాసీగా బాగా చేస్తారు, ఎక్కడ ఏ మాట ఇచ్చి ఇంకా తీర్చలేదు, అన్నీ రాసి ఉంచండి. మనుషుల జబ్బులు, ఇంటి గొడవలు పేర్లతో అందులో రాయకండి. వెళ్ళేటప్పుడు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకుండా, కొత్తగా వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని ఒక సంతకు వెళ్ళి, నలుగురికి పరిచయం చేసి, పుస్తకం వాళ్ళ చేతికి ఇవ్వండి.